దిగుడులో బయటపడ్డ మురికి

సుంకరిమెట్ట దగ్గరి ఊళ్లో ఒక కుర్రాడు పాత మారుతి ఓమ్ని నడిపేవాడు. సంత రోజున మిరియాలు, అల్లం, రాజ్మా మూటలతో పాటు మనుషుల్ని అరకు చేర్చేవాడు. మిగతా రోజుల్లో ఘాట్ దిగి ఎస్.కోటకు కిరాయి. ఆ బండి ముగ్గురు నలుగురి చేతులు మారి అతని దగ్గరికి వచ్చింది. దాని మీదే ఇల్లు గడుస్తోంది.

ఒక చలికాలం బండికి జబ్బు మొదలైంది. మలుపులో వేగం తగ్గించి క్లచ్ తొక్కితే చాలు, ఇంజను వణికి ఆగిపోయేది. పట్నంలో ఒకాయనకు చూపించాడు. ఆయన సీటు ఎత్తాడు గానీ గాలి గొట్టం విప్పలేదు. "మీది కొండ మీద ఊరు. గాలి పల్చన. అందుకే ఆగిపోతోంది" అంటూ థ్రాటిల్ దగ్గరున్న చిన్న స్క్రూను పావు చుట్టు బిగించాడు. ఇంజను నిలబడింది. కుర్రాడు సంతోషంగా డబ్బులిచ్చి వచ్చేశాడు.

ఆ మాటలో సగమే నిజం. వెయ్యి మీటర్ల ఎత్తులో గాలి సాంద్రత సముద్రతీరంలో కంటే సుమారు 9 శాతం తక్కువ. దానివల్ల ఎక్కుడులో బలం తగ్గుతుంది. కానీ ఇలాంటి ఇంజెక్షన్ బండిలో సెన్సరు గాలిని లెక్కగట్టుకుని పెట్రోలు తగ్గిస్తుంది కాబట్టి ఎత్తు ఒక్కటే ఇంజనును ఆపెయ్యదు. ఆపింది వేరే.

కొన్నాళ్లకు మళ్లీ వణుకు. ఈసారి పట్నం వెళ్లలేదు. స్క్రూడ్రైవరు డాష్‌బోర్డులోనే పెట్టుకున్నాడు. వణికినప్పుడల్లా ఇంకాస్త తిప్పాడు. ఎక్కుడులో ఏ తేడా తెలియలేదు. తెలియదు కూడా. ఎక్కేటప్పుడు కాలు యాక్సిలరేటరు మీదే ఉంటుంది, థ్రాటిల్ లోపలి రెక్క ఎలాగూ తెరిచే ఉంటుంది.

ఒకరోజు నిండా జనంతో ఘాట్ దిగుతున్నాడు. వెనక సీట్లో పిప్పళ్ల మూట ఒళ్లో పెట్టుకుని ఒక మామ్మ. అనంతగిరి దాటాక ఎప్పటిలాగే రెండో గేరులో వేసి కాలు తీసేశాడు. బండి ఒదగలేదు. ఇంజను వెనక్కి పట్టాల్సింది పోయి ముందుకే తోస్తున్నట్టుంది. ప్రతి మలుపులో బ్రేకు, బ్రేకు మీద బ్రేకు. డముకు వచ్చేసరికి మాడు వాసన కొట్టింది, పెడల్ మెత్తబడింది. అతను మొదటి గేరులోకి మార్చి, హ్యాండ్‌బ్రేకు లాగి, కొండవైపు కాలువగట్టుకు చక్రం ఆనించి ఆపాడు. ఎవరికీ ఏమీ కాలేదు. అందరూ దిగి నీడలో కూర్చున్నారు.

ఫోన్ అందుకుని కింది నుంచి ముసలి మెకానిక్ బైకు మీద వచ్చాడు. ఇంజను చల్లబడేదాకా ముట్టుకోలేదు. బ్యాటరీ నెగటివ్ తీగ తీసి, గాలి గొట్టం విప్పి, టార్చి వేసి, "ఇలా రా అల్లుడా, సూడు" అన్నాడు.

గొట్టం చివర గుండ్రటి లోహపు రెక్క. దాని అంచు చుట్టూ, అది ఆనే గోడ మీద తారులాంటి నల్లటి జిడ్డు. ఇంజను అడుగు నుంచి వచ్చే నూనె ఆవిరిని మళ్లీ ఈ గొట్టంలోకే పంపి మండిస్తారు. ఆ నూనె తడి మీద దుమ్ము పడితే ఇలాగే పేరుకుంటుంది. రెక్క మూసుకున్నప్పుడు ఇంజను బతికేది ఆ అంచు దగ్గరి సన్నని సందు, పక్కనున్న చిన్న దారి ఇచ్చే గాలితోనే. రెండూ పూడిపోయాయి.

"మరి స్క్రూ తిప్పితే బాగుపడింది కదా మావా?"

"బాగుపడలేదు. రెక్కని తెరిచి ఉంచింది. నువ్వు కాలు తీసినా అది మూసుకోట్లేదు. మూసుకున్నట్టు కంప్యూటరుకి కబురు అందితేనే కదా దిగుడులో పెట్రోలు ఆపేది! ఇంజను ఎలా పట్టుద్ది?"

మామ్మ అప్పటిదాకా వింటోంది. "మా ఊళ్లో నీళ్లు సన్నబడితే పైకెళ్లి ఊట కాడ ఆకులు తీస్తాం బాబూ. కుళాయి పెద్దది పెట్టుకోం" అంది.

మెకానిక్ ముందు స్క్రూను పాత చోటికి, రెక్క మూసుకున్నా గోడకు కరుచుకోకుండా ఉండేంతకు తెచ్చాడు. అది చెయ్యకుండా కడిగితే బండి ఆగి ఉన్నా ఇంజను అరుస్తుంది. క్లీనరును గుడ్డ మీద చల్లి అంచులు తుడిచాడు, పాత టూత్‌బ్రష్‌తో మూలలు రుద్దాడు. చాకు, ఉప్పుకాగితం దగ్గరికి రానివ్వలేదు. గీత పడితే ఆ సందు లెక్క తప్పుతుంది. తర్వాత ఫిల్టరు డబ్బా చూశాడు. ఒక క్లిప్పు ఊడి, ఎర్ర దుమ్ము వడపోత లేకుండా లోపలికి పోతోంది. నూనె ఆవిరి వాల్వును ఊపి చూస్తే లోపల గలగల లేదు. అది బిగుసుకుపోయింది. ఆ రెండూ సరిచేశాక, బ్రేకులు కూడా పరీక్షించి గానీ బండిని కదలనివ్వలేదు.

నీతి: ఇబ్బందిని కనపడకుండా చేసే సర్దుబాటు దాన్ని తీర్చదు, వేరే చోటికి పంపుతుంది. అక్కడ దాని బరువు మోసేది సర్దుబాటు చేసినవాడొక్కడే కాదు, అతణ్ని నమ్మి వెనక కూర్చున్నవాళ్లు కూడా.

ఈ కొండల్లో ఆ మాటకు బరువెక్కువ. బైలదిలా ఇనుప ఖనిజం నింపుకుని కొత్తవలస–కిరండూల్ లైను దిగే రైలుకైనా, మనుషుల్ని నింపుకున్న ఓమ్నికైనా ఒకటే సూత్రం: లాగడం ఎంత ముఖ్యమో వెనక్కి పట్టడం అంతకన్నా ముఖ్యం. లాగే బలం తగ్గితే డ్రైవరుకు వెంటనే తెలుస్తుంది. పట్టే బలం తగ్గిన సంగతి లోయ పక్కన గానీ తెలియదు. అందుకే బండి వణికినప్పుడు స్క్రూ దగ్గరికి చెయ్యి పోకముందే గొట్టం విప్పి చూడమని డ్రైవర్లను బతిమాలాలనిపిస్తుంది. మురికిని కడగడం సగం పని. అది వచ్చిన దారి మూయడం మిగతా సగం. వలిసె పూలు విరగబూసి పర్యాటకుల రద్దీ మొదలయ్యేలోపు, వానలు తగ్గగానే, ఒక పూట బండి ఆపి ఫిల్టరు క్లిప్పులు, నూనె ఆవిరి వాల్వు, థ్రాటిల్ అంచు, బ్రేకులు చూపించుకోవాలి. ఆ పూట కిరాయి పోతుంది. పోనివ్వండి.