అప్పజెప్పిన ఓటు

2024 జూన్ 4న పార్లమెంటు ఫలితాలొచ్చాయి. పిడుగురాళ్లలో సాయంత్రానికే మా మీద లెక్కలు మొదలు. 'సాయిబులు ఈసారి ఎటేశారు?' సున్నపు బట్టీలో రాయి మోసేవాడు, మిరపకాయల లారీ తోలేవాడు, పత్తి కొట్లో గుమాస్తా... ఓటేసేటప్పుడు ఎవరి బాధ వాళ్లది. లెక్కపెట్టేటప్పుడు మాత్రం అందరం కలిసి ఒక బ్యాంకు. కులాల లెక్కలు అందరికీ వేస్తారు, నిజమే. సంజాయిషీ అడిగేది మాత్రం మమ్మల్నే.

మా ఊరు నరసరావుపేట పార్లమెంటు కిందికొస్తుంది. 2019లో ఫ్యాను గుర్తు మీద గెలిచిన లావు శ్రీకృష్ణదేవరాయలే 2024లో సైకిలు గుర్తు మీద గెలిచారు. మనిషి మారలేదు, నియోజకవర్గం మారలేదు. ఢిల్లీలో బీజేపీ 240 దగ్గర ఆగింది. 272కి కావలసిన చేతుల్లో తెలుగుదేశం 16, జనసేన 2 కలిశాయి. నొక్కింది పిడుగురాళ్లలో, కుర్చీ నిలిచింది ఢిల్లీలో.

ఇక్కడే అసలు ప్రశ్న. పింఛను కోసం, రోడ్డు కోసం, 2007 చట్టంతో వచ్చిన నాలుగు శాతం రిజర్వేషన్ నిలబెడతామన్న మాట కోసం వేసిన ఓటు అక్కడ ఇంకో పనికి వాడితే, ఆ పనిలో మాకూ వాటా ఉందా?

సెక్యులర్ మిత్రుల జవాబు తేలిక: వేయకుండా ఉండాల్సింది. మరి ఎవరికి వేయాలి? 2019లో ఆంధ్ర 25 సీట్లలో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 22, తెలుగుదేశానికి 3 వచ్చాయి. ఆ డిసెంబరులో పౌరసత్వ సవరణ బిల్లుకు రెండు పార్టీలూ చేయెత్తాయి. ఫ్యానుకేసినవాడి ఓటూ, సైకిలుకేసినవాడి ఓటూ ఒకే గంపలో పడ్డాయి. మావాడినే పంపుకుందామంటే, గుంటూరు నుంచి 1991లో ఎన్.జి. రంగాను ఓడించి లాల్‌జాన్ బాషా వెళ్లారు. 2024లో ఆంధ్ర నుంచి వెళ్లిన 25 మందిలో ముస్లిం ఒక్కరూ లేరు.

2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ బిల్లు లోక్‌సభలో 288-232 తో గట్టెక్కింది. ఈసారి వైఎస్సార్ కాంగ్రెస్ వ్యతిరేకించింది, తెలుగుదేశం బలపరిచింది. ఇంకేం, మళ్లీ వేలు మా వైపే తిరిగింది: 'మీరేసినోళ్లే గదా!'

మా ఉలమాల్లో కొందరు ఓటును షహాదత్ అన్నారు, వకాలత్ అని కూడా అన్నారు. షహాదత్ అంటే సాక్ష్యం. ఆ రోజుకు మనకు తెలిసింది నిజంగా చెప్పామా లేదా, అంతవరకే జవాబుదారీ. వకాలత్ అలా కాదు. మన తరఫున మాట్లాడమని ఒకరికి అప్పజెప్పడం. వకీలు ఎదుటి పక్షంతో కలిసిపోతే వకాల్తా మీద సంతకం పెట్టినందుకు కక్షిదారుణ్ణి ఎవరూ తప్పుపట్టరు. తెలిశాక కూడా నోరెత్తకపోతే మాత్రం తప్పు అతనిదే. ఓటు వేసిన రోజు గుట్టు, ఆ తర్వాత అయిదేళ్లు మౌనం, రెండూ ఒకటి కావు. మొదటిది మా హక్కు. రెండోది మాకు అలవాటైన భయం. 2002లో గుజరాత్ మీద పార్లమెంటులో ఓటింగు జరిగితే తెలుగుదేశం ఎటూ ఓటేయలేదు. అప్పుడు మేం ఎంత గట్టిగా అడిగాం?

అయితే వకాలత్ ఇచ్చింది మేమొక్కళ్లమేనా? 2024 మే 13న మా ముందూ వెనకా అదే వరసలో నిలబడి, అదే గుర్తు మీద నొక్కినవాళ్లున్నారు. వాళ్లకు మేం పరాయివాళ్లం కాదు, బాబాయ్, మామా అని పిలుచుకునేవాళ్లం. వక్ఫ్ సంగతి మాత్రం 'మీవాళ్ల గొడవ' అంటారు.

పల్నాడు ఊళ్లలో పీర్ల చావిళ్లున్నాయి. చాలావాటికి తాతల నాటి వాడుకే తప్ప చేతిలో కాగితం ఉండదు. వాడుకను బట్టి వక్ఫ్ అనే మాట కొత్త చట్టంలో ఇకమీదట చెల్లదు. పీర్లు లేచినప్పుడు ముందు నడిచేవాళ్లలో, నిప్పుల గుండం తొక్కేవాళ్లలో హిందువులూ ఉన్నారు. ఆ చావిడి సంగతేమిటని ఎంపీని అడగడానికి వాళ్లకూ మాకున్నంత హక్కుంది. మీరు ఎటేశారని వాళ్లనింతవరకు ఎవరూ అడగలేదు.