నాన్న వస్తున్నాడని ఎవరు చెప్పారు?

రాజా రవివర్మ 1893లో వేసిన ‘దేర్ కమ్స్ పాపా’ మీలో చాలామంది చూసే ఉంటారు. (తెలుగు చెవికి పాపా అంటే ముందు చంటిపిల్లే గుర్తొస్తుంది, అది వేరే సంగతి.) పిల్లాణ్ణి ఎత్తుకున్న తల్లి, కాళ్ల దగ్గర కుక్క. ఆ తల్లి రవివర్మ కూతురు మహాప్రభ, పిల్లాడు ఆమె కొడుకు. ఆమె చూపు ఎడమవైపు, ఫ్రేమ్ బయటికి. అక్కడ ఎవరున్నారో బొమ్మలో లేదు. పేరు చదివాకే నాన్న వస్తాడు.

పేరు తీసేసి చూడండి. వచ్చేది మేనమామ కావచ్చు, పాలవాడు కావచ్చు. కేరళ మాతృవంశ కుటుంబాల్లో పెత్తనం మేనమామది, తండ్రి చాలాచోట్ల వచ్చిపోయే మనిషి. అందుకే విమర్శకులు ఇందులో తండ్రి చుట్టూ అల్లుకుంటున్న కొత్త కుటుంబాన్ని చూశారు. సరే. కానీ ఏడేళ్ల తర్వాత, 1900లో, ఇదే మహాప్రభ కూతురు సేతు లక్ష్మీబాయిని తిరువాన్కూరు రాజకుటుంబం దత్తత తీసుకుంది, ఆడపిల్ల ద్వారానే వంశం నిలవాలి కాబట్టి. ఇంకోటి, రవివర్మ బొమ్మల పని మీద ఏళ్ల తరబడి దేశం తిరిగిన తండ్రి. ఎదురుచూడటం అంటే ఏంటో మహాప్రభకి ఆయన చెప్పాల్సిన పనిలేదు.

మరి ఆ పేరుని మనం అంత తేలిగ్గా ఎందుకు నమ్ముతాం? బిడ్డను మోస్తున్న మనిషి కళ్ల ముందే ఉన్నా, రాని మనిషి గురించే కథ అల్లుతాం. నాకైతే ఇది బొమ్మలో ఉన్న దోషం కంటే చూసేవాళ్ల అలవాటు అనిపిస్తుంది, అమాయకమైన అలవాటు మాత్రం కాదు. తల్లి మోత కనపడకుండా పోయేది అక్కడే.

మా తాండూరు వైపు ఈ బొమ్మ వేయాలంటే మోడల్స్‌ని మార్చాలి. నాపరాళ్ల పనికో, కంది కోతకో అమ్మే పోతుంది. వికారాబాద్‌లో సాయంత్రం రైలు దిగేవాళ్లలో సీజన్ పాస్‌తో సిటీకి పోయొచ్చే ఆడవాళ్లూ ఉంటారు. ఇంటి దగ్గర పిల్ల అవ్వ చంకలో ఉంటుంది. “అగో, మీ అమ్మొస్తుంది సూడు” అని అవ్వ వేలు చూపిస్తుంది. నడుము నొప్పికి పిల్లని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంటూ.

దీన్ని ఎవరైనా వేస్తే ‘అమ్మ వస్తోంది’ అని పేరు పెడతారేమో. అప్పుడు కూడా అవ్వ బొమ్మలో ఉంటుంది, పేరులో ఉండదు.