వ్యంగ్యము తెలియనివాడెవడు?

చలనచిత్రములోని వ్యంగ్యమును నిజమని నమ్మిన ప్రేక్షకుని ‘పామరుడు’ అని తీసిపారవేయుట చదువుకొన్నవారికి సులభమైన పని. ఒకడు నవ్వవలసిన చోట నవ్వడు. మరియొకడు వెక్కిరింపబడిన పాత్రకే చప్పట్లు చరచును. అంతటితో వానికి బుద్ధి లేదని తీర్పు ముగియును. ఈ తీర్పు తొందరపాటని మా యభిప్రాయము.

మన యాలంకారికులు ఈ సంగతి ఏనాడో విచారించిరి. మాటకు వాచ్యార్థము అందరికిని తెలియును. వ్యంగ్యార్థము తెలియవలెనన్న పలుకువాడెవడో, వినువాడెవడో, కంఠస్వరమెట్టిదో, సందర్భమేమో, దేశకాలములెవ్వియో తెలియవలెనని మమ్మటుడు కావ్యప్రకాశమున నిరూపించెను. ప్రొద్దుపోయి యిల్లు చేరిన కుమారునితో తల్లి ‘ఎంత పెందలకడ వచ్చితివి నాయనా!’ అనును. వాడు తల వంచుకొనును. తల్లి నెరుగును గనుక వానికి వ్యాఖ్యానము అక్కరలేదు. చలనచిత్రమున ఆ తల్లి కనబడదు. దర్శకుడు తెరవెనుక నుండును. తెరమీద నున్నది పాత్ర. పాత్ర పలికినదే దర్శకుని యభిప్రాయమని సామాన్యుడు తలచుట వింత కాదు.

పేరడీ విషయమున ఈ చిక్కు మరింత హెచ్చు. పేరడీకి మూలమే ప్రాణము. 2012లో వచ్చిన ‘సుడిగాడు’ చిత్రమందు అల్లరి నరేశ్ పలువురు తెలుగు కథానాయకుల పోకడలను అనుకరించి నవ్వించెను. ఆ మూలచిత్రములను చూచినవానికి అది విందు; చూడనివానికి అర్థములేని గంతులు. మా సాలూరు మైదానమునకును కొండలకును నడుమ నున్న ఊరు. సంగీతదర్శకులు సాలూరి రాజేశ్వరరావుగారి జన్మస్థలమైన శివరామపురము ఈ దాపుననే యున్నది. ఇచ్చటివారికి సినిమా పరాయిది కాదు. అయినను, ఇంట కువి భాష మాటలాడుచు కొండ దిగివచ్చి చదువుకొను బాలుడు ఆ గంతులకు నవ్వకపోయినచో అది మందబుద్ధి యనరాదు. వాని యూరి పాటకు ఎవరైన పేరడీ కట్టి పాడినచో మేమును మ్రాన్పడి కూర్చుందుము.

ఇది దోషములేని యజ్ఞానము. అన్నియు తెలిసినవారి యజ్ఞానము వేరొకటి గలదు. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో విజయనగరమున ప్రదర్శింపబడినది. 1897లో అచ్చుపడి, 1909లో పెంపొంది మరల వెలువడినది. 1955లో పి. పుల్లయ్యగారి దర్శకత్వమున చలనచిత్రమైనది. గిరీశముగా ఎన్. టి. రామారావుగారు నటించిరి. భాష మనది, ఊరు మన ప్రక్కది, ఆచారము మన పూర్వులది. అర్థము కాకపోవుటకు కారణమేమియు లేదు. అయినను ప్రేక్షకులలో పలువురు గిరీశము డాబుసరి మాటలను కంఠస్థము చేసికొని యింటికి తెచ్చుకొనిరి. ఆ మాటలకు మోసపోయిన వితంతువు బుచ్చమ్మను హాలులోనే విడిచివచ్చిరి. నాటకకర్త తుదకు గిరీశముచే తల దించుకొనజేసెను; మన జ్ఞాపకమున మాత్రము ఆ తల యెత్తియే యున్నది. చేదుమందును బెల్లములో పొదిగి యిచ్చిన, మనము బెల్లము చప్పరించి మందును ఉమిసితిమి.

ఇంతకంటె గూఢమైన సంగతి యొకటి కలదు. ముసలి లుబ్ధావధాన్లు పసిపిల్లను కొనబోవుట చూచి ఘొల్లుమని నవ్వినవాడే, ఆట విడిచిన పిదప తన కుమారునికి రావలసిన కట్నమును గూర్చి బేరమాడును. 1961 నాటి వరకట్న నిషేధచట్టము వానికి అడ్డు కాలేదు. కన్యాశుల్కము పోయినది గనుక దానిని చూచి నవ్వుట తేలిక. పెండ్లికి వెల కట్టు బుద్ధి మాత్రము దారి మార్చుకొని నిలిచినది. ఇతడు సరియైన చోటనే నవ్వెను; అయినను వ్యంగ్యము తెలిసినవాడని మేమనజాలము. అద్దమున ఎప్పుడును ప్రక్కవాని మొగమే కనిపించువానికి చూపున్నను లేనట్లే.

కొన్నియెడల నవ్వనివాడే తెలిసినవాడు. మన హాస్యచిత్రములలో కొండవారి తలలపై ఈకలు గ్రుచ్చి, వారిచే అర్థములేని కూతలు కూయించు దృశ్యములు కలవు. హాలంతయు నవ్వుచుండగా ఒక జాతాపు యువకుడు ఊరక కూర్చున్నచో ‘వీనికి హాస్యము తెలియదు’ అందుము. తెలియనిది ఎవరికి? బలవంతుని గర్వముపై ఎత్తిన కొరడా వ్యంగ్యము. నోరులేనివానిపై ఎత్తినది ఎగతాళి. ఆ భేదమును హాలులో మొదట గుర్తించినవాడు ఆ యువకుడే.

కావున నవ్వును బట్టి గ్రహణశక్తిని కొలువరాదు. మూలము తెలియనివానికి మూలము చెప్పవలెను. అది బడి చేయదగిన పని. చిత్రము చూచివచ్చిన విద్యార్థులను ‘ఎక్కడ నవ్వితిరి?’ అని మాత్రమే గాక, ‘ఎవరిని చూచి నవ్వితిరి? అట్టివారు మన యింట నున్నారా?’ అని కూడ అడుగవలెను. ఈ కడపటి ప్రశ్నకు పండితుడును పామరుడును సమానముగనే తడబడుదురు. తెలియని బాలునికి నేర్పుట సులభము. నవ్వి మరచిన పెద్దలకు నేర్పుటయే కష్టము.