నీడ ఎవరి హక్కు?

వేసవి జుమాకు చివరగా వచ్చేదెవరు? పని వదిలి పరుగున వచ్చే కూలీ సోదరుడు, ఆటో నడిపే సోదరుడు. అప్పటికే మస్జిద్ నిండిపోతుంది. కాలుతున్న వాకిలి బండపై సజ్దా చేసేది అతనే. తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో మనమెరిగిన దృశ్యమే ఇది.

దైవప్రవక్త (స) మదీనాలో నిర్మించిన మస్జిద్‌కు ఖర్జూరపు మట్టలే కప్పు. ఎండ తీవ్రమైతే జుహర్ నమాజును కాస్త చల్లబడ్డాక చేయమని ఆయన ఉపదేశించారు. కనుక ఆరాధకుని కష్టం తగ్గించడం విలాసం కాదు. నేడు అదే మస్జిద్ చుట్టూ ఆవరణలో 250 మడత గొడుగులున్నాయి. ఒక్కొక్కటి 25 మీటర్లకు పైగా వెడల్పు. వేసవిలో పగలు విచ్చుకుని నీడనిస్తాయి. రాత్రి ముడుచుకుంటే నేల వేడి పైకి పోతుంది.

అంతటి యంత్రాలు మనకెక్కడివి అంటారా? కప్పీలపై తాళ్ళతో జరిగే గుడ్డ పందిరి చాలు. సాయంత్రం లాగేస్తే వేడి నిలవదు; గాలివాన వస్తే చుట్టేయవచ్చు. లోపలి ఏసీలకు చందాలిచ్చే మనం బయటి వరుసను మరిచామేమో ఆలోచిద్దాం.

అల్లాహ్ నీడ తప్ప మరే నీడా లేని దినాన ఆ నీడ పొందే ఏడు రకాల వారిలో రహస్యంగా దానం చేసినవారూ ఉన్నారు. కనుక ఆ పందిరికి మన పేరు రాయించనక్కర లేదు.