వర్తకుని ఖాతా

నెలజీతగానికి సేవింగ్సు ఖాతా చాలును గాని, దినదినము సరుకులవారికి చెల్లింపులు జరుపు వర్తకునికి కరెంటు ఖాతాయే యుక్తము. దానిపై వడ్డీ రాదు; కనీసనిల్వ తగ్గినచో సాధారణముగా రుసుము తప్పదు. కావున నెలకు ఎంత నగదు ఉచితముగా జమచేసుకొందురో, చెక్కుపుస్తకమున కేమి పుచ్చుకొందురో, ఓవర్‌డ్రాఫ్టు నిత్తురో లేదో ముందుగా విచారింపవలయును. బ్యాంకు పేరందురా, అది మారవచ్చును: 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్నమున స్థాపించిన ఆంధ్రా బ్యాంకే 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో లీనమయ్యెను. ఇక, డిపాజిట్లకు బీమా యన్ననో, ఒక్కొక్క బ్యాంకులో ఖాతాదారునికి 5 లక్షల రూపాయల వరకే కలదు.