పాతరలో ఏముంది?

ఎగువూరికీ దిగువూరికీ నడుమ ఒక వాగు. దిగువూరి మునసబు పరమ దుర్మార్గుడు. ఎదురు తిరిగారని తన వాళ్లనే, వీధికి వీధినే, విషప్పొగ పెట్టి చంపించాడు. ఆ మునసబే ఇప్పుడు పాతరల్లో విషం దాచాడనీ, ఏ రాత్రో మన చెరువులో కలిపేస్తాడనీ ఎగువూరి మునసబు చాటింపు వేయించాడు. ఊరంతా బరిసెలు నూరింది.

మూడో ఊరి పెద్దమనుషులు దిగువూరి పాతరలు ఒక్కొక్కటే తెరిపించి చూస్తున్నారు. ఆ రోజుల్లోనే ఎగువూరి హరిదాసు వాగు దాటి వెళ్లి, మునసబు ఎదుట కూర్చుని అడిగేశాడు.

"విషం ఉందా?"

"లేదు దాసూ. అదంతా పెద్ద అబద్ధం. కావాలంటే మీ మునసబును రమ్మను, నలుగురి ముందూ వాదించుకుందాం."

దాసు తిరిగొచ్చేసరికి రచ్చబండ నిండిపోయింది. "ఎలా ఉన్నాడు దాసుగారూ? భయపడ్డాడా? మన మునసబుతో వాదిస్తాడట, ఎంత పొగరు!" రాత్రంతా అవే కబుర్లు. ఒక ముసలమ్మ అడిగింది.

"ఇంతకీ పాతరలో ఏముందయ్యా?"

"లేదంటున్నాడు అవ్వా."

"వాడి మాట వదిలెయ్. తవ్వినవాళ్లేమన్నారు?"

"ఇంతవరకూ విషం దొరకలేదట. ఇంకొన్ని నెలలు గడువడుగుతున్నారు."

"మరి ఇవ్వండి."

ఆవిడను కసిరి కూర్చోబెట్టారు. మూడు వారాలకు దిగువూరు తగలబడింది. తర్వాత బూడిదలో పాతరలన్నీ తవ్వారు. విషం లేదు.

నీతి: దుర్మార్గుడి నోట వచ్చినంత మాత్రాన మాట అబద్ధమైపోదు, మన మునసబు నోట వచ్చిందని నిజమూ అయిపోదు. తవ్వి చూసేదాకా ఆగాలి.

ఈ కథ బాగ్దాద్‌లో జరిగింది. 2003 ఫిబ్రవరి 24న అమెరికా టీవీ సంస్థ సీబీఎస్ పాత్రికేయుడు డాన్ రాథర్ ఇరాక్ అధ్యక్షుడు సద్దాం హుసేన్‌ను దాదాపు మూడు గంటలు ప్రశ్నించాడు. 26న అమెరికా అంతా టీవీలో చూసింది. ఇరాక్ రసాయన, జీవ, అణ్వాయుధాలు దాచిందన్న అమెరికా ఆరోపణ ఒట్టి అబద్ధమన్నాడు సద్దాం. దేశం విడిచి వెళ్లనన్నాడు. అమెరికా అధ్యక్షుడు బుష్‌తో టీవీలో ప్రత్యక్ష చర్చకు సిద్ధమన్నాడు. అందరి నోళ్లలో నానింది ఈ ఆఖరి మాటే. 1988లో ఇరాక్ పట్టణం హలబ్జాలో వేలమంది కుర్దులను విషవాయువుతో చంపించినవాడి మాట ఎవరు నమ్ముతారు? నమ్మమని నేనూ అనను. ఆ ఇంటర్వ్యూలోనే అల్ సమూద్ క్షిపణులు హద్దు మీరలేదనీ అన్నాడు. అవి 150 కిలోమీటర్ల పరిమితి దాటాయని ఐక్యరాజ్యసమితి తనిఖీదారులు అప్పటికే తేల్చారు. మార్చి 1న ఇరాక్ వాటిని ధ్వంసం చేయడం మొదలుపెట్టింది కూడా. ఒకే నోట నిజమూ అబద్ధమూ కలిసి వచ్చినప్పుడు వాటిని విడదీయగలిగేది తనిఖీ ఒక్కటే.

రాథర్‌ను తప్పుపట్టను. వెళ్లాడు, అడిగాడు. తప్పు రచ్చబండది. మార్చి 7న తనిఖీ బృందం అధిపతి హాన్స్ బ్లిక్స్ భద్రతా మండలిలో, ఈ పనికి ఏళ్లూ అక్కర్లేదు, వారాలూ చాలవు, నెలలు కావాలన్నాడు. ఆయనకు దక్కింది రెండు వారాలైనా కాదు. మార్చి 20న బాగ్దాద్ మీద అమెరికా బాంబులు పడ్డాయి. 2004లో అమెరికా పంపిన ఇరాక్ సర్వే బృందమే తన నివేదికలో రాసింది: ఆ ఆయుధాల నిల్వలు అక్కడ లేవు.