పూర్తధర్మము

మన ధర్మశాస్త్రకారులు పుణ్యకర్మలను ఇష్టమనియు పూర్తమనియు రెండుగా విభజించి, యజ్ఞాదులను మొదటిదానియందును, వాపీకూపతటాకములను, దేవాలయములను, ఆరామములను, అన్నదానమును రెండవదానియందును చేర్చిరి. చెరువు త్రవ్వించినవాడు ఆ జలమును సర్వభూతములకు ఉత్సర్గము చేసిన క్షణముననే దానిపై తన స్వత్వమును వదులుకొనును. అట్లు ఒకని సొత్తు కాకపోయిన వస్తువు పిమ్మట ఎవరిది? అందరిదైనది ఎవరికిని పట్టనిదై శిథిలమగుట లోకమున నిత్యము కానవచ్చుచుండగా, ధర్మము త్యాగముతో ముగియునా, అక్కడనే ఆరంభమగునా?

అందరి సొత్తైన కట్టడములనే చూడుడు. ఇంగ్లండులోని సంతపట్టణములందు, 17వ శతాబ్దమున కట్టిన రాస్-ఆన్-వై సంతభవనమువలె, క్రింద స్తంభముల నడుమ అంగళ్లును, పైన సభాశాలయు గల కట్టడములు కొన్ని నేటికిని నిలిచియున్నవి. 1977 నాటి దివిసీమ ఉప్పెన తరువాత మన తీరమున విరివిగా వెలసిన తుపాను రక్షణభవనముల అమరికయు దాదాపు అట్టిదే: క్రింద స్తంభములు మాత్రమే యుండును, పైన పదిమంది తలదాచుకొను గదులుండును. అక్కడ క్రింది చోటు సంతకు విడిచినది. ఇక్కడ ఉప్పెననీరు అడ్డములేక సాగిపోవుటకు విడిచినది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతమున తీరము దాటి ఉద్దానపు కొబ్బరితోటలను, జీడితోటలను నేలకూల్చిన నాడు, గట్టి కప్పు అనగా నేమియో అక్కడి పూండి పరిసరముల వారికి ఎవరును బోధింపనక్కరలేకపోయినది.

టెక్కలి చెంత రావివలసలో ఎండల మల్లికార్జునస్వామి కప్పులేకయే వెలసియున్నాడు. ఆ మహాలింగము పగలెల్ల ఎండకు కాగుచు, వర్షాకాలమున వాననీటనే అభిషిక్తమగుచుండును. తనపై కప్పు వేయవలదని స్వామియే కలలో కనిపించి చెప్పెనని స్థలకథ. ఈ కథను నేను భక్తితో విశ్వసింతును. కప్పు దేవునికి అవసరము కాదు, దేహధారికి అవసరము. తనకు వలదన్న దేవుడు దానిని మనకు విడిచినాడు. కావున నిరాశ్రయునికి నీడయగు కప్పు గోపురముకంటె తక్కువ పవిత్రమైనది కాదు.

అట్లయిన ఆలయములు కట్టించిన పూర్వులు పొరబడిరా? లేదు, నిర్మాణమునకు మించిన రహస్యమును వారు ఎరుగుదురు. గాంగరాజుల కళింగనగరముగా చరిత్రజ్ఞులు గుర్తించిన శ్రీముఖలింగమున రాజసౌధములు మాసిపోయినవి, మధుకేశ్వరుని ఆలయము నిలిచినది. రాతి గట్టిదనమొక్కటియే ఇందులకు కారణము కాదు. ప్రతిదినము తలుపు తీయువాడు, ఊడ్చి దీపము పెట్టువాడు ఉండుటయే ముఖ్యకారణము. మందసలోని వాసుదేవాలయము జీర్ణించి, మన కాలమున చినజీయరుస్వామి పూనికతో మరల వెలుగొందినది. జీర్ణోద్ధరణము నూతననిర్మాణమునకు మిన్నయని పెద్దలు చెప్పుటలోని అర్థమిదియే.

నిత్యార్చన లేని దేవాలయమెట్లో నిత్యసేవ లేని పురభవనమును అట్లే. శంకుస్థాపనకు వచ్చు జనము తలుపుకీలునకు నూనె వేయుటకు రారు. రక్షణభవనము ఎవరికిని పట్టక మూతపడియున్నచో, గాలి లేచిన రాత్రి తాళపుచెవికై వెదకవలసివచ్చును. అందరిదైనది ప్రత్యేకముగా ప్రతివానిదియు అగునని నా నిశ్చయము. కావున తీరగ్రామవాసులారా! మీ ఊరి భవనమును బడికో, గ్రామసభకో, వృద్ధుల కాలక్షేపమునకో నిత్యము తెరచియుంచుడు. ఆశ్వయుజ కార్తికముల తుపానులు రాకమునుపే దాని కప్పును, మెట్లను, నీటితొట్టిని సరిచూచుకొనుడు. ఇదియును అర్చనయే.